మొదటి బోటు: పాత మోటారు బోటు కొని బాగుచేసుకుందామనుకుంటున్న, కొనాల్నా వద్దా?

ఓరుగల్లు_టూస్ట్రోక్
కరీంనగర్ దిక్కు ఒక పాత మోటారు బోటు అమ్మకానికి ఉన్నది. 14 అడుగుల ఫైబర్ బోటు, వెనక యమహా 25 హెచ్‌పీ టూ స్ట్రోక్ మోటారు, కింద ట్రైలర్. ఒక రిసార్ట్ వాళ్ళు గెస్టులను తిప్పనీకె కొన్నరట. రిసార్ట్ మూతపడ్డంక షెడ్డులనే ఏండ్లకేండ్లు పడి ఉన్నది. ఓనరు లక్షా ఇరవై అంటుండు. రంగు పోయింది, సీట్లు ఎలుకలు కొరికినయ్. ఇంజన్ స్టార్ట్ చేసి చూపెట్టమంటే "బ్యాటరీ లేదు, ఉంటే ఒక్క దెబ్బకు స్టార్ట్ అయితది" అన్నడు.

నాకు బోట్లు కొత్త. హన్మకొండల ఉంట. బండ్ల పని తెలుసు, ఆర్‌ఎక్స్ హండ్రెడ్ ఇంజన్ కండ్లు మూసుకొని విప్పి బిగిస్త. కొత్త బోటు కొనే తాహతు లేదు. ఆదివారం పూట గాలం వేస్కుంట, పిల్లలను తిప్పుకుంట ఉందామని ఆశ. ఇంట్ల మాత్రం "మనకు సముద్రం ఏడున్నదని బోటు" అని ఒకటే లొల్లి. తెలిసినోళ్ళు జర చెప్పున్రి.

కరీంనగర్_కాక
లక్షా ఇరవైకి బోటు అస్తదా? ఆ పైసలకు ఇప్పుడు మంచి ఆర్‌ఎక్స్ హండ్రెడ్ కూడ అస్తలేదు గదనె తమ్మీ.

నిర్మల్_బొమ్మ
గదే టూ స్ట్రోక్ పిచ్చి. సప్పుడు వినాలె, పొగ చూడాలె, ఇగ జన్మ ధన్యం 😂

వల_గాలం
బోటు సంగతి తర్వాత. ముందు ఏ నీళ్ళల్ల వేస్తవో చెప్పు. గది ఒక్కటి తేలితే సగం ముచ్చట అయిపోయినట్టే.

ఓరుగల్లు_టూస్ట్రోక్
దగ్గర్ల అయితే ధర్మసాగర్, లేకుంటే వడ్డేపల్లి. ఎప్పుడన్న లక్నవరం, పాకాల. బోటుకు ట్రైలర్ ఎట్లాగు ఉన్నది కద, ఎటన్న తీస్కపోవచ్చు అనుకుంటున్న.

రిటైర్డ్_ఏఈ
మీరు చెప్పిన నాలుగింటిలో ఒక్కదానిలో కూడా మీ బోటు దిగదు. నీటిపారుదల శాఖలో పనిచేసినవాణ్ణి కాబట్టి చెబుతున్నాను.

ధర్మసాగర్, వడ్డేపల్లి, భద్రకాళి... ఈ మూడూ వరంగల్ నగరానికి తాగునీరు నిలవ చేసుకునే చెరువులు. ఎండాకాలం మీ ఇంటి కుళాయిలో వచ్చేది ఆ నీళ్ళే. టూ స్ట్రోక్ మోటారుకు పెట్రోలులోనే నూనె కలిపి పోస్తారు, కాలని ఆ నూనెను పొగతో పాటు నేరుగా నీళ్ళలోకే వదులుతుంది. మీ మోటారు వెనకాల నీళ్ళ మీద రంగురంగుల తెట్టు కనిపిస్తుంది చూడండి, అదే. దానికి అనుమతి ఏ అధికారి ఇస్తాడు?

పాకాల చెరువు గణపతిదేవుడి కాలం నాటిది, చుట్టూ వన్యప్రాణి అభయారణ్యం. అక్కడ అటవీశాఖ మాట చెల్లుతుంది, సొంత మోటారు బోటు దించనివ్వరు. లక్నవరంలో తిరిగే బోట్లు పర్యాటక సంస్థవి. మీరు ట్రైలర్ వేసుకుని వెళ్తే గేటు దగ్గరే ఆపేస్తారు.

రెండో సంగతి. 1917 నాటి పాత చట్టం స్థానంలో 2021లో కొత్త అంతర్దేశీయ నౌకల చట్టం వచ్చింది. నది, కాలువ, సరస్సు అన్నీ దాని కిందికి వస్తాయి. ఇంజన్‌తో నడిచే పడవకు రిజిస్ట్రేషన్ ఉండాలి, సర్వే చేయించిన సర్టిఫికెట్ ఉండాలి, బీమా ఉండాలి. ఆ రిసార్ట్ బోటుకు అసలు కాగితాలు ఉన్నాయా? ఇది అడగకుండా ఇంజన్ గురించి అడిగి లాభం లేదు.

మంచిర్యాల_మల్లన్న
సార్ వచ్చి పెండ్లి పందిరే పీకేసిండు 😀

ఓరుగల్లు_టూస్ట్రోక్
కాగితాల సంగతి అడుగలే. ఓనరు కూడ చెప్పలే. మరి ఎక్కడ వేసుకోవాలె సార్? గోదావరి అయితే?

రిటైర్డ్_ఏఈ
గోదావరి, మానేరు జలాశయాలు కొంత నయం, కానీ ప్రాజెక్టు అధికారుల లిఖిత అనుమతి లేకుండా డ్యామ్ దగ్గరికి ఎక్కడా వెళ్ళకూడదు. దిగువ మానేరు నుంచి కరీంనగర్‌కు తాగునీరు పోతుంది, అది కూడా గుర్తుంచుకోండి. ముందు ప్రాజెక్టు ఈఈ (ఎగ్జిక్యూటివ్ ఇంజనీరు) ఆఫీసులో ఒక దరఖాస్తు ఇవ్వండి. ఏ జవాబు వచ్చినా కాగితం మీద తీసుకోండి. నోటిమాటగా "ఏం కాదు, తిప్పుకో" అన్న లస్కరు (నీళ్ళు చూసుకునే కింది ఉద్యోగి) రేపు మారిపోతాడు.

కరీంనగర్_కాక
కాళేశ్వరం కాడ మేడిగడ్డ బ్యాక్‌వాటర్ల వేస్కో అని చెప్పేటోన్ని. 2019ల నీళ్ళు నిండినప్పుడు మా దోస్తు ఒకడు గదే సూసి బోటు బేరం చేసిండు. 2023 అక్టోబర్ల బ్యారేజీ పియర్లు (పిల్లర్లు) కుంగినయ్, గేట్లెత్తి నీళ్ళు వదిలేసిండ్రు. ఇగ ఇసుకల ఏం నడుపుతవ్?

జమ్మికుంట_జవాన్
గది కట్టినోళ్ళనే అడుగాలె, ఎవలు తిన్నరో

నిర్మల్_బొమ్మ
మొదలైంది. నువ్వేమో కట్టినోళ్ళను తిట్టు, ఇంకోడు ఇప్పుడున్నోళ్ళను తిడ్తడు.

అడ్మిన్
మేడిగడ్డ ముచ్చట ఇక్కడితో బంద్. రాజకీయాలకు వేరే థ్రెడ్ ఉంది. ఈ తరువాత వచ్చిన ఆరు పోస్టులు తీసేశాను. బోటు గురించి మాట్లాడండి.

కాకినాడ_సరంగు
అయ్యా, మధ్యలో దూరుతున్నందుకు ఏమనుకోకండి. మాది కాకినాడ, జగన్నాథపురం. చిన్నప్పట్నుంచీ ఈ మోటార్ల మధ్యనే పెరిగాం. మీ ఓనరు "బ్యాటరీ లేదు" అన్నాడన్నారు కదా, అక్కడే నాకు అనుమానం వచ్చిందండి. 25 హెచ్‌పీకి సెల్ఫ్ ఉన్నా లేకపోయినా పైన తాడు ఉంటుంది. పట్టుకుని లాగితే తిరగాలి. తాడు లాగి చూపించడానికి బ్యాటరీ ఎందుకండీ? లాగితే కదలకపోతే ఇంజన్ పట్టేసినట్టు. సులువుగా తిరిగిపోతే లోపల కంప్రెషన్, అంటే సిలిండర్లో నొక్కుడు బలం, పోయినట్టు. ఆయన దేనికి దాస్తున్నాడో మీరే చూసుకోవాలి.

వెళ్ళేటప్పుడు ఇవి పట్టుకెళ్ళండి: కంప్రెషన్ గేజి, ప్లగ్ స్పానరు, పెద్ద స్క్రూడ్రైవరు, టార్చిలైటు. ప్లగ్గులు రెండూ విప్పండి. త్రాటిల్ పూర్తిగా తెరిచిపెట్టి, ఒక్కో సిలిండర్‌కి గేజి పెట్టి తాడు నాలుగైదుసార్లు గట్టిగా లాగండి. నెంబరు ఎంత వచ్చిందన్నదానికన్నా రెండు సిలిండర్లూ దగ్గరదగ్గరగా ఉన్నాయా లేదా అన్నది ముఖ్యం. ఒకటి వందా పదీ, రెండోది డెబ్బయ్యీ వస్తే దండం పెట్టి వచ్చేయండి.

తరవాత కింద గేరు పెట్టె. కింది స్క్రూ కొంచెం వదులు చెయ్యండి, గేరు ఆయిలు రెండు చుక్కలు వేలి మీద పట్టండి. నల్లగా ఉంటే పాతదని అర్థం, భయం లేదు. పాలలా తెల్లగా ఉంటే సీలు పోయి నీళ్ళు దూరాయన్నమాట. ముందుగా వట్టి నీళ్ళు కారి ఆ తరవాత ఆయిలు వచ్చినా అదే రోగం. ప్రొపెల్లరు కూడా విప్పించండి. దాని వెనకాల షాఫ్టు చుట్టూ నైలాను దారం చుట్టుకుని ఉంటుంది చాలా వాటికి. ఆ దారమే సీలును కోసేస్తుంది.

ఇంకోటండి. ఆ మోటారు మీ చెరువుల్లోనే తిరిగిందా, మా సముద్రం నుంచి వచ్చిందా అడగండి. ఉప్పునీళ్ళలో తిరిగినదైతే లోపల నీళ్ళ దారులన్నీ ఉప్పు పట్టి ఉంటాయి. మోటారు కింద చిన్న లోహపు ముక్క ఉంటుంది, ఆనోడు. అది తినేసి పొడిపొడిగా ఉంటే సముద్రం బండే.

ఓరుగల్లు_టూస్ట్రోక్
అన్నా ఇది ప్రింటు తీసి జేబుల పెట్టుకుంట. ఒక్క ముచ్చట. యమహాల కిరోసిన్ మోడల్ అని ఒకటి ఉంటదంట కద, ఇది ఏదో ఎట్ల తెలుస్తది?

కాకినాడ_సరంగు
మోడల్ పేరులో "కె" అక్షరం ఉంటే కిరోసిన్ది. ఈకే 25 అని ఉంటుంది. పెట్రోలుతో స్టార్ట్ చేసి కిరోసిన్‌కి మార్చుకుంటారు. జాలర్ల చేతుల్లో రోజంతా నలిగిన బండ్లు అవి. రిసార్ట్‌కి అది కొన్నారంటే నమ్మలేను గానీ, మోటారు మీద మోడల్ పేరు, నెంబరు ఉండే ప్లేటు చూడండి. ప్లేటు పీకేసి ఉంటే మాత్రం మాట్లాడకుండా వచ్చేయండి, దొంగ సరుకు కావచ్చు.

నీళ్ళు లేకుండా ఇంజన్ ఎప్పుడూ స్టార్ట్ చెయ్యకండి, ఆయనని కూడా చెయ్యనివ్వకండి. లోపల చల్లబరిచే నీళ్ళు లాగే రబ్బరు ఇంపెల్లరు ఉంటుంది, నీళ్ళు లేకపోతే క్షణాల్లో కాలిపోతుంది. రెండొందల లీటర్ల డ్రమ్ములో కింది భాగం ముంచి స్టార్ట్ చెయ్యండి. పక్కన చిన్న కన్నంలోంచి సన్నగా నీళ్ళ ధార రావాలి. రాకపోతే ఆపెయ్యండి.

కరీంనగర్_కాక
ఆర్‌ఎక్స్ హండ్రెడ్‌కు ఇసొంటి ధార అస్తే భయపడ్తం, దీంట్ల రాకపోతే భయపడాల్నట.

ఫైబర్_మామ
అందరు ఇంజన్ ఇంజన్ అంటున్నరు. ఇంజన్ పోతే ఇంకోటి వేస్కోవచ్చు. బోటు వెనక గోడ సంగతి ఎవరన్న మాట్లాడిండ్రా?

నేను హన్మకొండల ఫైబర్ పని చేస్త. కూలర్ బాడీలు, కార్ బంపర్లు, విగ్రహాలు. రెండు మూడు బోట్లు కూడ బాగుచేసిన. ప్రతి దాంట్ల పోయేది ఒక్కటే జాగ: మోటారు తగిలించే వెనక పలక. ట్రాన్సమ్ అంటరు. బయటికి ఫైబర్ కనిపిస్తది గని లోపల ప్లైవుడ్ ఉంటది. మోటారు బోల్టులకు రంధ్రం చేస్తరు, సీలెంట్ సరిగ పెట్టరు, నీళ్ళు నిమ్మళంగ దిగుతయ్. ఏండ్లకేండ్లు తడిసి తడిసి లోపల కట్టె మాగిపోతది. పైకి మాత్రం పెండ్లికొడుకు లెక్కనే కనిపిస్తది.

చూసే తరీక: చిన్న సుత్తె తీస్కొని పలకంత కొట్టుకుంట పో. మంచి జాగల టక్ టక్ అని గట్టిగ వస్తది. మాగిన జాగల దబ్ దబ్ అని చచ్చిన సప్పుడు వస్తది. ఆ జాగల మార్కర్‌తోని గీత గియ్యి. అయినంక మోటారు తల పట్టుకొని కిందికి మీదికి ఊపు. యాభై కిలోల దాకా ఉండే మోటారు అది. పలక వంగినా, చుట్టూ వెంట్రుక వాసి పగుళ్ళు తెరుచుకున్నా, లోపల అయిపోయింది.

ఇంకొకటి బరువు. అడుగున ఫ్లోర్ కింద థర్మోకోల్ లెక్క ఫోమ్ నింపుతరు, బోటు మునుగకుంట. గది నీళ్ళు పీల్చుకుంటే బోటు బరువు డబుల్ అయితది. 14 అడుగుల ఖాళీ బోటును నలుగురు కలిసి పట్టి ఒక దిక్కు లేపాలె. లేవకపోతే ఫ్లోర్ కోయాల్సిందే.

ఓరుగల్లు_టూస్ట్రోక్
మామా, పలక మార్చాల్నంటే ఎంతైతది? నేనే చేస్కోవచ్చా?

ఫైబర్_మామ
పైసల లెక్క చూడకుంట చెప్ప. పని మాత్రం నేర్చుకుంటే నువ్వే చేస్కోవచ్చు. లోపలి దిక్కు నుంచి పాత చర్మం కోసి, కుళ్ళిన ప్లై గీకి తీసి, మంచిగ ఎండబెట్టి, ఐఎస్ 710 మార్కున్న మెరైన్ ప్లై రెండు పొరలు అతికించి, మీద మ్యాట్ (ఫైబర్ గుడ్డ), రెసిన్ (జిగురు) పొరలు వెయ్యాలె. తడి కట్టె మీద రెసిన్ పట్టదు. ఎండబెట్టుడే సగం పని.

రెసిన్ సంగతి జాగ్రత్తగ విను. రెసిన్ల ముందు కోబాల్ట్ కలుపుతం, అయినంక హార్డెనర్ కలుపుతం. ఆ రెండిటిని ఒకదాంట్ల ఒకటి నేరుగ కలిపినవంటే భగ్గుమంటది, పేలుతది. ఒకే గిన్నెల, ఒకే చెంచాతోని పెట్టుకోకు. రెండు డబ్బాలు కూడ పక్కపక్కకు పెట్టుకోకు. మా దగ్గర పనికచ్చే పోరగాండ్లకు మొదలు చెప్పేది గదే.

మన ఎండలకు ఇంకో కథ ఉన్నది. మే నెలల పగటి పూట రెసిన్ కలిపితే బ్రష్ ముంచేలోపే బెల్లం పాకం అయితది. హార్డెనర్ తక్కువ పోసి, పొద్దుగాల ఐదింటికి మొదలుపెట్టి ఎనిమిదింటికి బంద్ చెయ్యాలె. ఒక్కసారికి చిన్న మగ్గు కంటె ఎక్కువ కలుపకు. పెద్ద బకెట్ల కలిపితే అదే వేడికి పొగ లేస్తది.

నిర్మల్_బొమ్మ
మామ పోస్ట్ చదివినంక నాకు బోటు కొనబుద్ధి పోయింది, కూలర్ బాగుచేసే కోరిక పుట్టింది.

మంచిర్యాల_మల్లన్న
మా కథ వినున్రి. నలుగురం దోస్తులం కలిసి గూడెం కాడ ఒక పాత బోటు తీస్కున్నం. తలా ఇంత పెట్టినం. ఎల్లంపల్లి నీళ్ళల్ల తిప్పుదమని. మొదటి రోజు మంచిగనే నడిచింది, ఫోటోలు దిగినం, స్టేటస్ పెట్టినం. అయినంక ఒకనికి బదిలీ అయింది, ఒకనికి పెండ్లయింది, ఒకడు "నా వాటా నాకియ్యి" అన్నడు. బోటు మా పెరట్లకు వచ్చి కూసున్నది. ఇప్పుడు మా అమ్మ కోళ్ళు దాంట్ల గుడ్లు పెడ్తున్నయ్. సీటు కింద గడ్డి వేసింది, మంచిగ పొదుగుతున్నయ్ కూడ.

నా మాట ఏందంటే, ఒక్కడివే కొను, లేకుంటే కొనకు. నలుగురిల బోటు వద్దు.

కరీంనగర్_కాక
కోళ్ళకు లైఫ్ జాకెట్లు ఉన్నయా మల్లన్నా?

వల_గాలం
నవ్వుడు సరే గని నేను ఒక ముచ్చట చెప్త. మాది మానేరు డ్యామ్ ఒడ్డు ఊరు, చేపలు పట్టేటోళ్ళ సంఘంల సభ్యుణ్ణి. మా తెప్పలు థర్మోకోల్‌వి, నాటు పడవలు తెడ్డువి. మోటారు ఉన్నోళ్ళు కొందరే.

పొద్దుమీకంగ వలలు వేస్తం, తెల్లారకముందు తీస్తం. నీళ్ళ మీద తెల్ల సీసాలు, థర్మోకోల్ ముక్కలు వరుసగ తేలుతుంటే కింద వల ఉన్నట్టు. కొత్తగ బోటు నడిపేటోడు గవి చూడడు, మీదికెంచి పోతడు. వల ప్రొపెల్లర్‌కు చుట్టుకుంటది. వానికి పోయేది ఒక సీలు. మాకు పోయేది వల, ఆ రోజు చేప, మరునాడు కూలి. పోయిన యేడు గిట్లనే ఒక పట్నపోడు వచ్చి వల తెంపి, మా వాళ్ళతోనే కొట్లాట పెట్టుకున్నడు. చేపల హక్కు సంఘానిది, చేప పిల్లలను వదిలేది మేము, పెంచేది మేము. గాలం వేస్త అంటున్నవ్, దానికి కూడ సంఘాన్ని అడుగాలె.

ఇంకా, మానేరు డ్యామ్ నిండ నీళ్ళుంటే 24 టీఎంసీలు. ఎండాకాలం దిగినప్పుడు కింద మునిగిన ఊర్ల మొండిగోడలు, చెట్ల మొద్దులు జానెడు నీళ్ళ కింద ఉంటయ్. మాకు ఎరుకే, నీకు ఎరుకలేదు. 25 హెచ్‌పీతోని ఉరికిచ్చి మొద్దుకు తగిలితే ఏమైతదో చెప్పనక్కర లేదు.

ఓరుగల్లు_టూస్ట్రోక్
అన్నా నువ్వు చెప్పినదాంట్ల ఒక్క మాటకు ఎదురు చెప్ప. నేను వల తెంపే రకం కాదు, అయినా నేర్చుకోవాలె కద. మొదలు మీ తోని తెప్ప మీద వస్త, నీళ్ళు చూపెట్టు.

రామగుండం_రఘు
వల_గాలం అన్న, అందరు పట్నపోళ్ళు ఒక్కతీరు ఉండరు. మా కాడ ఎల్లంపల్లిల కొందరు డైనమైట్ పెట్టి చేపలు పడ్తున్నరు, గది మీ వాళ్ళే కద?

వల_గాలం
మా వాళ్ళు అని ఎందుకంటవ్. దొంగలకు కులం ఉండదు. మా సంఘం పట్టుకొని పోలీసులకు అప్పజెప్పింది కూడ.

అడ్మిన్
డైనమైట్ ముచ్చట కూడా వేరే థ్రెడ్. దయచేసి.

మోరంచ_వాగు
నేను భూపాలపల్లి దిక్కోన్ని. ఇంతవరకు చదువుకుంట ఊకున్న, ఒకటి చెప్పబుద్ధైంది. 2023 జులై 27 నాడు మా మోరంచపల్లి మునిగినప్పుడు ఊరోళ్ళు మిద్దెలెక్కి కూసున్నరు. బోట్లు వచ్చినయ్, ఆర్మీ హెలికాప్టర్లు వచ్చినయ్. ఆ తరువాత మా ఊర్ల చానమంది "ఊరికొక బోటు ఉండాలె" అన్నరు. ఒకాయన నిజంగనే పాతది ఒకటి బేరం చేసిండు.

నాకు ఆ ఆలోచన నచ్చలే. వాగు ఉరికేటప్పుడు చూసినోళ్ళకు తెలుస్తది, చెట్లు, గడ్డివాములు, కరెంటు తీగలు అన్ని దాంట్లనే వస్తయ్. నేర్చుకున్న రెస్క్యూ వాళ్ళకే కష్టం. ఆదివారం నేర్చిన డ్రైవింగ్‌తోని వరదల దిగితే ఆదుకునేటోడే ఆపదల పడ్తడు. నీ బోటు ఉన్నదని తెలిస్తే వరద రోజు ఊరోళ్ళు పిలుస్తరు. పోవద్దని కాదు, అప్పటికప్పుడు "పోలేను" అని చెప్పే ధైర్యం కూడ ఉండాలె.

రిటైర్డ్_ఏఈ
బాగా చెప్పారు. 2019 సెప్టెంబరులో కచ్చులూరు దగ్గర గోదావరిలో బోటు మునిగినప్పుడు మన కడిపికొండ వాళ్ళు కూడా అందులో ఉన్నారు. ఆ ఇళ్ళు చూసినవాళ్ళకు లైఫ్ జాకెట్ గురించి వేరే చెప్పనక్కర్లేదు.

ఓరుగల్లు_టూస్ట్రోక్
మా బంధువులది ఆ ఊరే సార్. మా ఇంటామె భయం కూడ గదే, సముద్రం మాట ఉత్తగనే అంటది.

కాకినాడ_సరంగు
జాకెట్టు ఒక ఎత్తు, కిల్ స్విచ్ తాడు ఒక ఎత్తండి. మోటారు ముందు ఎర్ర తాడు వేలాడుతూ ఉంటుంది, ఒక కొస స్విచ్చికి, ఇంకో కొస నడిపేవాడి మణికట్టుకి. నడిపేవాడు పడిపోతే తాడు ఊడి ఇంజన్ ఆగిపోతుంది. అది లేకుండా పడ్డారనుకోండి, హ్యాండిల్ వదిలేసిన బోటు ఒక పక్కకి తిరిగిపోయి గుండ్రంగా తిరుగుతూ పడిపోయినవాడి మీదకే వస్తుంది. పాత బోట్లలో ఆ తాడు ఉండదు, ఎవడో పీకేసి స్విచ్చి దగ్గర వైరు ముక్క కట్టేసి ఉంటాడు. అది చూడండి ముందు.

కరీంనగర్_కాక
అన్నీ బాగనే చెప్తున్నరు గని తమ్మికి అసలు అంత పెద్ద మోటారెందుకు? మా దిక్కు తెప్పలకు వాటర్ పంపు ఇంజన్ పెట్టి లాంగ్ టైల్ (పొడుగు షాఫ్టు, కొసకు ప్రొపెల్లరు) వేస్కుంటున్నరు. ఫోర్ స్ట్రోక్, పెట్రోల్ పొదుపు, పాడైతే బోరింగ్ మెకానిక్కే బాగుచేస్తడు. షాఫ్టు ఎత్తితే ప్రొపెల్లరు నీళ్ళ మీదికి అస్తది, వల కాడ, మొద్దు కాడ ఎత్తి పోవచ్చు.

ఓరుగల్లు_టూస్ట్రోక్
కాకా, గది తెల్వదు. సప్పుడు ఎట్లుంటది?

కరీంనగర్_కాక
సప్పుడు వరి కోత మిషన్ లెక్క. గాలానికి ఒక్క చేప రాదు.

నిర్మల్_బొమ్మ
టూ స్ట్రోక్‌కు మాత్రం చేపలు డ్యాన్స్ చేసుకుంట వస్తయా?

జమ్మికుంట_జవాన్
ప్రీ వెడ్డింగ్ షూట్లకు కిరాయికి ఇయ్యి భాయ్. పెట్టిన పైసలు ఒక సీజన్లనే వస్తయ్. పెండ్లికూతురు ముందల కూసుంటది, డ్రోన్ మీదికెంచి తిరుగుతది.

రిటైర్డ్_ఏఈ
కిరాయికి ఇస్తే అది వాణిజ్య ప్రయాణికుల పడవ అవుతుంది. సర్వే, నడిపేవారి సర్టిఫికెట్, బీమా... అన్నీ వేరే స్థాయిలో అడుగుతారు. దయచేసి ఆ ఆశ పెట్టకండి.

జమ్మికుంట_జవాన్
ఉత్తగనే అన్న సార్ 🙏

ఓరుగల్లు_టూస్ట్రోక్
అప్డేట్. ఆదివారం పోయి చూసొచ్చిన, ఫైబర్_మామను కూడ తీస్కపోయిన. (మామ ముందుగాల "చాయ తాపిస్తె వస్త" అన్నడు, చివరికి బిర్యానీ అయింది.)

కాగితాలు: రిసార్ట్ పేరు మీద బిల్లు ఉన్నది, రిజిస్ట్రేషన్ లేదు. ఎన్నడు చేయలేదట. ట్రైలర్‌కు కూడ నెంబరు లేదు.

ఇంజన్: పెట్రోల్ మోడలే. ప్లేటు ఉన్నది. తాడు లాగితే తిరిగింది. కంప్రెషన్ ఒకటి 115, ఇంకోటి 110. నేను ఎగిరి గంతేసేటోన్ని, ఆలోపే మామ గేరు ఆయిల్ స్క్రూ విప్పిండు. పాలు. చిక్కటి పాలు. సరంగు అన్న చెప్పినట్టే ప్రొపెల్లర్ వెనక నైలాన్ దారం గూడు కట్టి ఉన్నది. ఆనోడ్ దాదాపు మొత్తం ఉన్నది, అంటే మన నీళ్ళల్ల తిరిగిందే. కిల్ స్విచ్ కాడ వైరు ముక్క కట్టి ఉన్నది.

ట్రాన్సమ్: మామ సుత్తెతోని కొట్టుకుంట పోయిండు. కుడిదిక్కు సగం దాకా టక్ టక్. ఎడమ దిక్కు దబ్ దబ్. మోటారు బోల్టు రంధ్రంల స్క్రూడ్రైవర్ పెడితే పిడి దాకా దిగింది, తీస్తే నల్లటి నీళ్ళు కారినయ్. ఏండ్లసంది షెడ్డుల ఉన్న బోటులకెంచి నీళ్ళు! ఓనరు మొఖం చూడాలె అప్పుడు.

ముందు లక్షా ఇరవై అన్నోడు మాటల మాటల అరవై ఐదుకు దిగిండు. "మోటారు, ట్రైలర్ ఇయ్యి, బోటు నువ్వే ఉంచుకో" అంటే ఒప్పుకుంటలేడు. మొత్తం తీస్కపో, లేకుంటే లేదు అంటుండు. ఇప్పుడు ఏమంటరు?

మంచిర్యాల_మల్లన్న
తీస్కో. కోళ్ళకు వెనక పలకతోని పనిలేదు.

కాకినాడ_సరంగు
కంప్రెషన్ బావుందంటే ఇంజన్ ప్రాణం ఉన్నట్టే. గేరు పెట్టె సీళ్ళు, ఇంపెల్లరు, కార్బరేటరు కిట్టు, పెట్రోలు పైపులు... ఇవన్నీ కాకినాడ, వైజాగులో దొరుకుతాయి. కానీ గేరు పళ్ళు చూడకుండా మాట ఇవ్వకండి. నీళ్ళు కలిసిన ఆయిల్లో ఏళ్ళు నిలవ ఉంటే బేరింగులకి తుప్పు పడుతుంది. చేత్తో ప్రొపెల్లరు తిప్పితే కరకర అందా?

ఓరుగల్లు_టూస్ట్రోక్
అనలే. సాఫీగ తిరిగింది. గేర్ ముందుకు, వెనకకు రెండు పడ్డయ్.

రిటైర్డ్_ఏఈ
నా అభిప్రాయం మారలేదు. నీళ్ళు తేలలేదు, కాగితాలు లేవు. ఈ రెండూ తేలేవరకు అరవై ఐదు కాదు, ఆరున్నర వేలైనా ఎక్కువే. కనీసం ఆ బిల్లు మీద రిసార్ట్ యజమాని సంతకంతో అమ్మిన కాగితం రాయించుకోండి, ఇంజన్ నెంబరు అందులో ఉండాలి. అది లేకుండా రిజిస్ట్రేషన్‌కు దరఖాస్తే చేయలేరు.

కరీంనగర్_కాక
సార్, అన్ని కాగితాలు అచ్చినంక కొంటే అప్పటికి తమ్మి రిటైర్ అయితడు.

రిటైర్డ్_ఏఈ
రిటైరయ్యాకే ఇలాంటివి చదవడానికి తీరిక దొరుకుతుంది లెండి. 😊

ఫైబర్_మామ
పలక మారిస్తే బోటు బాడీ మిగతాది గట్టిదే. అడుగు లేపి చూసినం, నలుగురం లేపితే లేచింది, ఫోమ్ తడువలే. నేనైతే యాభైకి అడుగుత.

ఓరుగల్లు_టూస్ట్రోక్
యాభై రెండుకు తెగింది. అమ్మిన కాగితం, ఇంజన్ నెంబర్‌తోని, సాక్షి సంతకంతోని రాయించుకున్న. బిల్లు జిరాక్స్ కూడ తీస్కున్న. డీసీఎంల వేస్కొచ్చిన, ట్రైలర్ రోడ్డు మీద లాగలే, నెంబర్ లేదు కద. ఇంట్ల వాళ్ళు ఇంకా మాట్లాడుతలేరు. పిల్లలు మాత్రం వాకిట్ల బోటుల కూసొని తెడ్డు వేస్తున్నరు.

ఈఈ ఆఫీసుల దరఖాస్తు ఇచ్చిన, రశీదు తీస్కున్న. జవాబు రానిది నీళ్ళల్ల దించ. వల_గాలం అన్నా, ఆదివారం పొద్దుగాల వస్త, నువ్వు వల తీసేటప్పుడు.

వల_గాలం
ఆదివారం వద్దు, సంత రోజు. శనివారం నాలుగున్నరకు ఒడ్డు మీద ఉండు. చెప్పులు వదిలేసి రా, బురద. ఫోన్ ప్లాస్టిక్ కవర్ల పెట్టు.

కాకినాడ_సరంగు
మొదటిసారి స్టార్ట్ చేసేముందు ట్యాంకులో పాత పెట్రోలు ఒక్క చుక్క ఉంచకండి. ఇప్పుడొచ్చే పెట్రోల్లో ఇథనాల్ ఇరవై శాతం, నిలవ ఉంటే తేమ లాగి అడుగున నీళ్ళు చేరతాయి. పాత రబ్బరు పైపులు కూడా మెత్తబడిపోతాయి, మార్చేయండి. ఆయిలు బండ్లకి వేసే టూటీ (టూ స్ట్రోక్ ఆయిలు) వెయ్యకండి. బోటు మోటార్లకి టీసీడబ్ల్యూ త్రీ అని వేరే ఆయిలు ఉంటుంది. పెట్రోలు యాభై లీటర్లకి ఒక లీటరు లెక్క. ఇంజన్ లోపల బాగుచేయిస్తే మాత్రం మొదటి కొన్ని గంటలు కొంచెం ఎక్కువ ఆయిలు కలపండి.

ఓరుగల్లు_టూస్ట్రోక్
సరే అన్నా. సీల్ కిట్ పేరు, పార్ట్ నెంబర్ ఇన్‌బాక్స్ చెయ్యి, పైసలు పంపుత.

ఫైబర్_మామ
పలక కోసి పెట్టిన, ఎండుతుంది. కుళ్ళిన ప్లై రెండు బస్తాలు వెళ్ళింది. వచ్చే వారం పొద్దుగాల ఐదింటికి రా, మాస్కు తెచ్చుకో, ఫుల్ షర్ట్ వేస్కో. ఫైబర్ దుమ్ము ఒంటికి పడితే రెండు రోజులు గోక్కుంటవ్.

నిర్మల్_బొమ్మ
మామా, ఆ పని అయినంక మ్యాట్, రెసిన్ ఏమన్న మిగిలితే చెప్పు. మా కూలర్ అడుగు కారుతుంది, నిజంగనే.